స్కానర్‌లో వినిపిస్తోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావట్లేదా?

హలో అండి. ఇది రేడియో స్కానర్, అంటే రకరకాల ఫ్రీక్వెన్సీల మీద వచ్చే సిగ్నల్స్ వినిపించే రిసీవర్. దీని ఆడియోని ల్యాప్‌టాప్‌కి ఇస్తే, అందులోని సాఫ్ట్‌వేర్ దాన్ని డీకోడ్ చేసి, అంటే చదివి, స్క్రీన్ మీద చూపించాలి. ముందు ఈ శబ్దం ఒకసారి వినండి. చిట్, చిట్ అని ఆగి ఆగి వస్తోంది కదా, ఇది ఏఐఎస్. ఓడలు తామెక్కడున్నాయో, ఎంత వేగంతో పోతున్నాయో చెప్పుకునే సిగ్నల్, 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఖాళీ. ఒక్క ఓడ కూడా లేదు. దీంతో నేను రెండు రాత్రులు కుస్తీ పట్టాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశా, యాంటెనా మార్చా, కేబుల్ మార్చా, చివరికి పాపం ల్యాప్‌టాప్‌ని కూడా తిట్టా. వాటిలో దేని తప్పూ లేదు.

అప్పుడు నేను మొదట చేయాల్సిన పని చివర్లో చేశాను. ఏఐఎస్‌ది సరిగ్గా డీకోడ్ అవుతుందని తెలిసిన ఆడియో రికార్డింగ్ ఒకటి తీసుకుని నేరుగా సాఫ్ట్‌వేర్‌కి వినిపించాను. అది టకటకా చదివేసింది. అంటే సాఫ్ట్‌వేర్ బాగుంది, గొడవంతా దానికి ముందే ఉంది. ఐదు నిమిషాల పని, సగం అనుమానాలు పోతాయి. ఇది చేయకుండా సెట్టింగులు కెలకొద్దు, ఆ తర్వాత ఏది మార్చామో మనకే గుర్తుండదు.

సరే, మరి తప్పెక్కడ? ఆడియో తీసుకున్న చోట. హెడ్‌ఫోన్ జాక్‌ని పెట్టింది మన చెవుల కోసం. స్కానర్ లోపల రేడియో తరంగం నుంచి ఆడియోని బయటికి తీసే భాగం ఎఫ్‌ఎం డిటెక్టర్. దాన్నుంచి వచ్చిన సిగ్నల్‌ని డీ-ఎంఫసిస్ అనే సర్క్యూట్‌లోంచి పంపించి పై ఫ్రీక్వెన్సీలని తగ్గిస్తారు, ఆపైన సుమారు 300 హెర్ట్జ్ కిందున్నదీ, 3 కిలోహెర్ట్జ్ పైనున్నదీ కోసేస్తారు. మనిషి మాటకి అంత చాలు, వినడానికి హాయిగా కూడా ఉంటుంది. కానీ ఏఐఎస్ సెకనుకి 9600 బిట్లతో వస్తుంది, ఆ కోతలో బిట్లు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. అందుకే ఫిల్టర్లకి ముందే, డిటెక్టర్ దగ్గరే ఒక వైరు తీసుకుంటారు, దాన్ని డిస్క్రిమినేటర్ ట్యాప్ అంటారు. కొన్ని స్కానర్లకి అది వెనకాలే ఉంటుంది. లేకపోతే మూత విప్పి, ఒక రెసిస్టర్, డీసీని ఆపడానికి ఒక కెపాసిటర్ పెట్టి సోల్డరింగ్ చేయాలి. చేయి అలవాటు లేకపోతే మాత్రం ఖరీదైన స్కానర్ మీద నేర్చుకోకండి.

ఇక్కడ చాలామంది పడే బోల్తా ఒకటుంది. హామ్ రేడియో వాళ్లు తామెక్కడున్నారో పంపుకునే ఏపీఆర్‌ఎస్ సిగ్నల్ అయితే హెడ్‌ఫోన్ జాక్ నుంచే చక్కగా వచ్చేస్తుంది, ఎందుకంటే అందులో వాడేది 1200, 2200 హెర్ట్జ్ టోన్లు, రెండూ మాట వినిపించే పరిధిలోనే ఉన్నాయి. అది పనిచేసింది కాబట్టి ఇదీ పనిచేయాలి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా.

ట్యాప్ పెట్టాక కూడా ఏమీ రాలేదు! అప్పుడు నిజంగా టెన్షన్ వచ్చింది. కారణం స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు బుస్సుమనే మోత వినిపించకుండా ఆడియోని మూసేసే ఏర్పాటు. ఏఐఎస్‌లో ఒక స్లాట్ అంటే 26.67 మిల్లీసెకన్లు, మామూలు మెసేజ్ అంతలోనే అయిపోతుంది. సిగ్నల్ వచ్చిందని కనిపెట్టి స్క్వెల్చ్ తలుపు తీసేలోపే ఓడ చెప్పాల్సింది చెప్పేసి వెళ్లిపోతుంది. ఇందాక మీరు విన్న చిట్ ఉంది చూశారూ, అది మెసేజ్ కాదు, దాని తోక. డేటా డీకోడ్ చేసేటప్పుడు స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి పెట్టండి, బుస్సుమని మోత వస్తే రానివ్వండి.

కంప్యూటర్ వైపు కూడా ఇదే కథ. సౌండ్ సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి, ఎందుకంటే వాటి లెక్కలో మన డేటానే నాయిస్. వీలైతే మైక్ ఇన్‌పుట్ వద్దు, లైన్ ఇన్‌పుట్ వాడండి. మైక్ తప్ప గతి లేకపోతే లెవెల్ బాగా తగ్గించండి, తరంగం పైనా కిందా నరికినట్టు కనిపించకూడదు. గుయ్ మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. హమ్ పోయిందా? అది గ్రౌండ్ లూప్, అంటే స్కానర్, ల్యాప్‌టాప్‌ల గ్రౌండ్ వైర్ల మధ్య కరెంటు తిరగడం, మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెడితే సరిపోతుంది.

స్కానర్ బదులు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటర్ యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న రేడియో రిసీవర్, వాడేవాళ్లు ఈ ఆడియో బాధలు చాలావరకు తప్పించుకుంటారు, కానీ వాళ్ల తలనొప్పులు వాళ్లకున్నాయి. చవక డాంగిల్‌లో ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్ 50 పీపీఎం, అంటే పది లక్షలకి 50 వంతులు, తప్పిందనుకోండి, 162 మెగాహెర్ట్జ్ దగ్గర అది 8.1 కిలోహెర్ట్జ్. ఛానెల్ వెడల్పే 25 కిలోహెర్ట్జ్, ఇక డీకోడర్ ఏం చేస్తుంది పాపం. కాసేపు వేడెక్కనిచ్చి పీపీఎం సరిచేయండి. గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది, కూడా ఫుల్లుగా పెట్టేయడం మంచిది కాదు, పక్కనే ఎఫ్‌ఎం స్టేషన్ ఉంటే డాంగిల్ దాంతోనే నిండిపోతుంది, అప్పుడు గెయిన్ తగ్గించడమో, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఆపే నాచ్ ఫిల్టర్ పెట్టడమో చేయాలి.

ఇంకోటి, ఇదిగో ఈ రెండు యాంటెనా కనెక్టర్లని దగ్గరగా చూడండి. మర రెండిటిదీ ఒకటే, బిగిస్తే చక్కగా బిగుసుకుంటాయి. కానీ మధ్యలో చూస్తే దీనికీ రంధ్రమే, దానికీ రంధ్రమే, పిన్ ఎక్కడా లేదు. ఒకటి ఎస్ఎంఏ, ఇంకోటి వైఫై యాంటెనాలకి వచ్చే రివర్స్ ఎస్ఎంఏ. లోపల అసలు తగలనే తగలవు. రెండిట్లోనూ పిన్ ఉంటే మాత్రం బలవంతంగా తిప్పకండి, విరుగుతాయి.

ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే ఇతరులకి అర్థం కాకుండా రహస్య కోడ్‌లో పంపే, డిజిటల్ ఛానెల్ అయితే పైవన్నీ చేసినా ఏమీ వినిపించదు, అది మీ పరికరాల లోపం కాదు, వదిలేయండి.

ఇప్పుడు ట్యాప్ పెట్టాను, స్క్వెల్చ్ తెరిచాను. కాస్త ఆగాలి, పెద్ద ఓడలు కూడా లంగరు వేసి ఉంటే తమ స్థానం 3 నిమిషాలకోసారే చెబుతాయి. ఆ... వచ్చింది, చూశారా! ఓడని గుర్తుపట్టే 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబర్, పక్కన వేగం. సున్నా. రెండు రాత్రులు నన్ను తిప్పలు పెట్టిన ఓడ ఉన్నచోటు నుంచి కదలనే లేదండి.