శిఖరం తేదీని బేస్ క్యాంప్‌లోనే ఎలా తేలుస్తారు? ఎవరెస్ట్ మీద వాతావరణం లెక్క

నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క లెక్క నేర్చుకుందాం. నేపాల్ వైపు నుంచి గైడ్లతో ఎవరెస్ట్ ఎక్కే బృందం ‘ఫలానా తేదీన సమ్మిట్’ అని ఎలా తేలుస్తుంది? పైకి వెళ్లాక ఆకాశం చూసి, బాగుంటే ఎక్కేస్తారని చాలామంది అనుకుంటారు. అలా కుదరదండీ. 5,364 మీటర్ల దగ్గరున్న బేస్ క్యాంప్‌లో బయల్దేరితే శిఖరం మీద నిలబడేది ఐదో రోజున. అంటే ఐదో రోజున పైన గాలి ఎలా వీస్తుందో ఇవాళే తేల్చుకుని కాలు కదపాలి.

ముందు, అందరూ మే నెలకే ఎందుకు ఎగబడతారో చూద్దాం. చలికాలమంతా జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున వేగంగా పారే గాలుల నది, హిమాలయాల మీదుగానే పోతుంది. శిఖరం దగ్గర గాలి గంటకు 150 కిలోమీటర్లు దాటడం అప్పుడు మామూలే. మే వచ్చేసరికి ఈ గాలుల నది ఉత్తరాన టిబెట్ వైపు జరుగుతుంది. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వచ్చి మంచు కుమ్మరిస్తాయి. అది వెళ్లాక, ఇవి రాకముందు దొరికే సందే మన సమ్మిట్ విండో. టెన్జింగ్, హిల్లరీ ఎక్కింది 1953 మే 29న. మాలావత్ పూర్ణ ఉత్తరం వైపు నుంచి ఎక్కింది 2014 మే 25న. తారీఖులు అలా కలవడం కాకతాళీయం కాదు.

ఇప్పుడు ఫోర్‌కాస్ట్ తెరుద్దాం. అందరూ చేసే మొదటి తప్పు ఇక్కడే. ఫోన్ యాప్‌లో ఎవరెస్ట్ మీద వేలు పెట్టి, నేల దగ్గరి గాలి వేగం చదివేస్తారు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు భూమిని గడులుగా విడగొడతాయి. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ మోడల్‌లో ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్‌లో సుమారు 9. అంత పెద్ద గడిలో శిఖరాలూ లోయలూ సగటైపోయి చదునవుతాయి. మోడల్ దృష్టిలో అక్కడ 8,848 మీటర్ల కొండే లేదు! అందుకని నేల గాలి వదిలేయండి. పీడనం మట్టాలు, అంటే గాలి పీడనం ఫలానా అంకె ఉండే ఎత్తుల పటాలు చూడండి. 500 హెక్టోపాస్కల్ అంటే సుమారు 5,800 మీటర్లు, బేస్ క్యాంప్‌కి కాస్త పైన. 400 అంటే దాదాపు 7,500, అంటే దారిలోని క్యాంప్ 3కి, సౌత్ కోల్‌కి (శిఖరానికి ముందు చివరి మజిలీ, క్యాంప్ 4 అక్కడే) మధ్య. 300 అంటే సుమారు 9,500, శిఖరానికి కొంచెం పైన. సమ్మిట్ రోజుకి 300 పటమే ప్రధానం, క్యాంప్ 4కి 400 పటం.

రెండో తప్పు కొలతల్లో. పటం మీద 15 అని ఉంది. 15 నాట్లయితే గంటకు 28 కిలోమీటర్లు, హాయిగా ఎక్కొచ్చు. అదే సెకనుకు 15 మీటర్లయితే గంటకు 54 కిలోమీటర్లు, టెంట్ దాటొద్దు. పటం మూలన యూనిట్ ఏముందో చూడకుండా అంకె చదవకండి.

మూడోది గడియారం. మోడళ్లు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో చెబుతాయి. నేపాల్ సమయం దానికి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. పటం మీద 18 గంటలని ఉంటే మనకు రాత్రి 11:45, సౌత్ కోల్ నుంచి బయల్దేరి నడుస్తూ ఉండే వేళ. సున్నా గంటలంటే తెల్లవారి 5:45. 06 అంటే ఉదయం 11:45, అప్పటికి మనం కిందికి దిగుతూ ఉండాలి. ఈ మూడూ కాగితం మీద రాసి టెంట్‌లో అతికించుకోండి. ఆ ఎత్తున బుర్ర కూడికలు కూడా సరిగ్గా చేయదు.

మరి గాలి ఎంతుంటే ఎక్కొచ్చు? చాలామంది గైడ్లు పట్టుకునే గీత ఇది: శిఖరం ఎత్తున సగటు గాలి గంటకు 30 కిలోమీటర్ల లోపుంటే మంచి రోజు. 30 నుంచి 45 దాకా బృందం సత్తాను బట్టి. 50 దాటితే వద్దు. ఇది సగటు మాటే, గట్టు అంచున విసురు గాలి ఇంకా ఎక్కువ ఉంటుంది. అంత ఎత్తున గాలి పలచన కదా, తోపు తక్కువే ఉండాలి అంటారు. నిజమే, అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంలో సగం కూడా ఉండదు. కానీ మనల్ని దెబ్బతీసేది తోపు కన్నా ముందు చలి. మైనస్ 25 డిగ్రీల దగ్గర 30 కిలోమీటర్ల గాలికి ఒంటికి తగిలేది మైనస్ 39. గాలి 60 అయితే మైనస్ 43. ఆ దశలో బయటపడ్డ చర్మం ఐదు పది నిమిషాల్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది. తాడుకు ఒక్క క్లిప్ తగిలించడం కోసం చేతి తొడుగు తీశారా, వేలు పోయే ప్రమాదం అక్కడే.

ఒక్క ఫోర్‌కాస్ట్ చూసి బయల్దేరకూడదు. రెండు మోడళ్లూ పక్కపక్కన పెట్టండి. ఒకటి 20 అని, ఇంకొకటి 60 అని చెబితే సగటు తీసి 40 అనుకోవద్దు, ఇంకా తేలలేదని అర్థం. రెండూ ఒకే మాట మీదకొచ్చి, వరసగా మూడు నాలుగు అప్‌డేట్లలో అదే తేదీ నిలబడితే అప్పుడు నమ్మండి. విండో కనీసం రెండు రోజులుండాలి. ఒక్క రోజు సందు మీద కన్నేస్తే, జెట్ స్ట్రీమ్ పన్నెండు గంటలు ముందే తిరిగొచ్చినా మనం గట్టు మీదే దొరికిపోతాం.

ఇప్పుడు వెనక్కి లెక్కేద్దాం. మంచి గాలి 21, 22 తేదీల్లో ఉందనుకోండి. సమ్మిట్ 21 ఉదయం. అంటే 20 రాత్రి 9, 10 గంటలకు సౌత్ కోల్‌లో బయల్దేరాలి. 20 మధ్యాహ్నానికి అక్కడికి, 19న క్యాంప్ 3కి చేరాలి. 18న క్యాంప్ 2లో విశ్రాంతి. 17న తెల్లవారుజామున 2 గంటలకు బేస్ క్యాంప్ వదిలి, ఖుంబూ ఐస్‌ఫాల్ (బేస్ క్యాంప్ పైనే పగుళ్లతో, మంచు స్తంభాలతో ఉండే హిమనది) మీద ఎండ పడకముందే దాటేసి క్యాంప్ 2 చేరాలి. కాబట్టి తుది నిర్ణయం 16 సాయంత్రం. క్యాంప్ 2లో విశ్రాంతి రోజు ఒంటికే కాదు, ఫోర్‌కాస్ట్‌కీ పనికొస్తుంది. తేదీ మారితే ఇంకో రోజు అక్కడే ఆగొచ్చు, వెనక్కి దిగొచ్చు. సౌత్ కోల్‌లో మాత్రం ఆ వెసులుబాటు లేదు. 7,900 మీటర్ల దగ్గర ఆగిన ప్రతి గంటా ఆక్సిజన్ ఖర్చు, ఒంటి ఖర్చు.

ఈ లెక్కలోకి ఇంకో బృందం కూడా వస్తుంది: తాళ్లు బిగించే షెర్పాలు. వాళ్లు శిఖరం దాకా తాడు వేశాకే మిగతావాళ్లు కదిలేది. వాళ్లకీ నెమ్మదైన గాలే కావాలి. మొదటి మంచి రోజులు వాళ్ల పనికే సరిపోతే, తర్వాతి విండో కోసం అందరూ ఒకేసారి కాచుకుంటారు. 2019లో నేపాల్ 381 పర్మిట్లు ఇచ్చింది, మంచి రోజులు కొన్నే దొరికాయి. మే 22, 23 తేదీల్లో గట్టు మీద క్యూ ఫొటో మీరూ చూసే ఉంటారు. అందరూ చూసేది అవే పటాలు కదా!

క్యూ ధర ఆక్సిజన్‌లో కట్టాలి. 4 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌కి నింపితే 1,200 లీటర్ల వాయువు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 10 గంటలు, 4 లీటర్ల చొప్పున 5 గంటలు. పైకి 10 గంటలు, కిందికి 5 అనుకుంటే 2 లీటర్ల మీద ఒకటిన్నర సిలిండర్ చాలు. 4 లీటర్ల మీద మూడు కావాలి. మూడు గంటలు క్యూలో నిలబడితే 2 లీటర్ల మీదే మరో 360 లీటర్లు గాలిలో కలిసినట్టే. అందుకే కొందరు గైడ్లు గాలి అద్భుతంగా ఉన్న మొదటి రోజు వదిలేసి, కాస్త తక్కువ బాగున్న రెండో రోజు ఎంచుకుంటారు. 35 కిలోమీటర్ల గాలిలో ఖాళీ గట్టు, 15 కిలోమీటర్ల గాలిలో కిక్కిరిసిన గట్టు కన్నా మేలు.

మంచు కురవడం సంగతి. ఉదయం ఆకాశం అద్దంలా ఉన్నా, ఎండెక్కేకొద్దీ లోయల్లోంచి తేమ గాలి పైకి పాకి మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. టర్న్-అరౌండ్ టైమ్ అనేది అందుకే. మధ్యాహ్నం 1 గంటో, 2 గంటలో, ముందే ఖాయం చేసుకుంటారు. ఆ వేళకు శిఖరం ఇంకో వంద మీటర్లున్నా సరే తిరగాలి. 1996 మే 10న చాలామంది 2 దాటాక శిఖరం చేరారు. ఆ సాయంత్రం మొదలైన తుఫానుకు ఎనిమిది మంది చనిపోయారు. ఒక్క గడువు చాలదు, మధ్యలోనూ గుర్తులు పెట్టుకోవాలి: 8,400 మీటర్ల దగ్గర బాల్కనీ అనే చిన్న చదునుకి తెల్లవారుజాము 4 లోపు, అసలు శిఖరానికి కాస్త కిందున్న సౌత్ సమ్మిట్‌కి ఉదయం 8 లోపు. బాల్కనీకే 6 అయిందంటే ఆ వేగంతో శిఖరం కుదరదని అక్కడే తెలిసిపోతుంది.

కొత్త మంచు 30 సెంటీమీటర్లు పడితే, క్యాంప్ 2కి, 3కి మధ్య ఉండే ల్హోత్సే ఫేస్ లాంటి నిటారు వాలు మీదకు కనీసం ఒకటి రెండు రోజులు వెళ్లకండి. మంచు కురవకపోయినా, గాలి ఒకవైపు మంచును తీసుకెళ్లి చాటువైపు వాలు మీద గడ్డగా పేరుస్తుంది. ‘ఆకాశం నీలంగానే ఉంది కదా’ అనుకునే రోజునే ఆ గడ్డలు తెగి జారతాయి.

బంగాళాఖాతం మీద కూడా ఓ కన్నుండాలి. అక్కడ వాయుగుండం పడితే దాని తేమ ఉత్తరానికి పోయి హిమాలయాల మీద మంచై కురవొచ్చు. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, రెండు రోజుల తర్వాత వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న నేపాల్‌లో, అన్నపూర్ణ ప్రాంతపు థొరాంగ్ లా కనుమ, ఆ చుట్టుపక్కల కొండల మీద మంచు తుఫానై నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. 2021 మే చివర్లో యాస్ తుఫాను ఎవరెస్ట్ బృందాలను ఆపేసింది.

ఫోర్‌కాస్ట్ అందకపోతే? చేతి వాచీలో ఆల్టీమీటర్ ఉంటుంది. మనం కదలకుండానే అది చూపే ఎత్తు పెరిగితే, పీడనం పడిపోతోందని అర్థం. బేస్ క్యాంప్‌లో 40, 45 మీటర్లు పెరిగిందంటే సుమారు 3 హెక్టోపాస్కల్ తగ్గినట్టు. రోజూ సహజంగా ఉండే హెచ్చుతగ్గులు కలవకుండా నిన్న ఇదే గంటకు ఎంతుందో దాంతో పోల్చండి. శిఖరం నుంచి మంచు పొగ అడ్డంగా బారుగా సాగుతుంటే పైన గాలి గట్టిగా ఉన్నట్టే.

కంపెనీకి డబ్బు కట్టేముందు నాలుగు అడగండి. ఫోర్‌కాస్ట్ ఎవరు ఇస్తారు, రోజుకెన్నిసార్లు? రిజర్వు రోజులెన్ని? మొదటి ప్రయత్నం కుదరకపోతే రెండోదానికి ఆక్సిజన్ ఉందా? తిరగమని చెప్పే చివరి మాట ఎవరిది? చివరిదానికి ‘మీ ఇష్టం సార్’ అని జవాబొస్తే ఇంకో కంపెనీ చూసుకోండి.

ఇంకొకటి. విండో శిఖరంతో అయిపోదు. సమ్మిట్ తర్వాతి రెండు రోజుల పటాలు కూడా 16 సాయంత్రమే చూసి ఉండాలి, ఎందుకంటే క్యాంప్ 2 నుంచి దిగేటప్పుడు మళ్లీ ఐస్‌ఫాల్ దాటాలి. ఐస్‌ఫాల్‌లో మాత్రం గాలి లేకపోవడమే ఇబ్బంది: ఎండ బాగా కాస్తే నిచ్చెనల మేకులు వదులవుతాయి, మంచు స్తంభాలు కూలతాయి. దిగేది కూడా తెల్లవారుజామునే. మే నెలాఖరుకు ఆ దారి మూసేస్తారు కాబట్టి 25 తర్వాతి విండో కోసం ఆగేవాళ్లు మూసే తేదీని ముందే కనుక్కుని, దిగడానికి రెండు రోజులు తీసేసి లెక్కేసుకోవాలి.