అక్షరాల కంటే ముందు వేళ్లు

సంధానకర్త: శ్రోతలకు నమస్కారం. మూడేళ్లు నిండగానే పిల్లల చేతికి పెన్సిల్ ఇచ్చి పేజీల కొద్దీ అక్షరాలు దిద్దించే నర్సరీలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయిని ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ఆ వయసు చేయి రాతకు సిద్ధంగా ఉంటుందంటారా?

ఉపాధ్యాయిని: చాలామంది పిల్లలకు ఉండదండీ. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ చివరిదాని వంతు వచ్చేసరికి బిడ్డకు ఎనిమిదేళ్లు దాటుతాయి. ఎముకల మాట అలా ఉంచినా, అరచేతిలోని చిన్న కండరాలకు బలం రావాలి కదా. ఏడాదిన్నర పిల్లలు క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పట్టే పట్టు సాధారణంగా నాలుగైదేళ్లకు కుదురుతుంది. అంతకుముందే రాయమని ఒత్తిడి చేస్తే చేయి నొప్పి పుట్టి, బిడ్డకు రాత మీదే విముఖత కలుగుతుంది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

సంధానకర్త: అయితే ఆ బలం రావడానికి ఇంట్లో ఏం చేయించాలి?

ఉపాధ్యాయిని: ముందుగా వంటింటిలోకి రానివ్వాలి. పచ్చి బటాణీలు ఒలవడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చపాతీ పిండిని పిసికి చిన్న ఉండలు చేయడం వంటి పనుల్లో వేళ్లు నొక్కాలి, లాగాలి, తిప్పాలి, పైగా రెండు చేతులూ వేర్వేరు పనులు చేస్తూనే ఒకదానికొకటి సాయపడాలి. కొంచెం పెద్దవాళ్లయ్యాక మొద్దు సూదితో బంతిపూలు గుచ్చనివ్వవచ్చు. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి సుమా.

సంధానకర్త: మన పాత ఆటల్లో ఇందుకు పనికొచ్చేవి ఉన్నాయా?

ఉపాధ్యాయిని: వామనగుంటలను మించినది నాకు కనిపించలేదండీ. గుంటలోని చింతపిక్కలన్నీ గుప్పిట్లోకి తీసుకుని, మిగిలినవి జారిపోకుండా ఉంగరపు వేలితో, చిటికెన వేలితో అదిమి పట్టి, బొటనవేలితో ఒక్కొక్క పిక్కను ముందుకు తోసి తరువాతి గుంటలో వేయాలి. చేతికి అటు పక్క స్థిరంగా ఉండగా ఇటు పక్క వేళ్లు కదలడమే రాతకు కావలసిన అసలు నైపుణ్యం. ఆ సాధన అంతా లెక్కింపుతో పాటు ఆటలోనే జరిగిపోతుంది. అయితే మూడేళ్లలోపు పిల్లలకు చింతపిక్కలు, శనగలు, గుండీల వంటివి ఇవ్వకూడదు; గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

సంధానకర్త: పలక, బలపం ఇప్పుడు దాదాపు కనుమరుగయ్యాయి కదా?

ఉపాధ్యాయిని: వాటిని మళ్లీ తెచ్చుకోమనే నేను చెబుతాను. చిన్న బలపం ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు కాబట్టి, ఎవరూ చెప్పకుండానే వేళ్ల కొసలు దాని మీదికి చేరతాయి. రాస్తున్నప్పుడు పలక గరుకుగా తగలడం వల్ల ఎంత ఒత్తిడి పెట్టాలో చేతికి తెలుస్తుంది. పలకను గోడకు ఆనించి గీయనిస్తే మణికట్టు వెనక్కి వంగి సరైన భంగిమలో నిలబడుతుంది. 1907లో రోమ్‌లో పిల్లల బడి తెరిచి, 1939లో మద్రాసుకు వచ్చిన మరియా మాంటిస్సోరి తన బోధనోపకరణాల్లో కొయ్య స్తూపాలకు చిన్న పిడులు పెట్టించింది కూడా మూడు వేళ్ల పట్టు అలవడాలనే.

సంధానకర్త: వేలితో ఫోన్ తెర జరపడం కూడా వ్యాయామమే అని కొందరు అంటారు.

ఉపాధ్యాయిని: నునుపైన అద్దం మీద వేలు జరిపితే కండరానికి పనేముంటుందండీ? రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అంతకంటే తక్కువైతే మరీ మంచిది.

సంధానకర్త: చివరగా, ఎడమచేత్తో రాసే పిల్లల సంగతి?

ఉపాధ్యాయిని: దయచేసి మార్పించకండి. ఏ చేయి వాటమో చాలామందిలో నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య స్థిరపడుతుంది, అది ఎడమదైతే ఎడమచేత్తోనే రాయనివ్వాలి. కానీ ఏడాదిన్నర నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేయి వాడుతూ రెండోదాన్ని ముడుచుకుని ఉంచుతుంటే మాత్రం, అది వాటం అనుకుని ఊరుకోకుండా పిల్లల వైద్యులకు చూపించాలి.