తోడొచ్చినవాళ్లతో కాస్త మాట్లాడాలి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివేశారు, నేను మళ్లీ మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది, డైరెక్టుగా విషయంలోకి వచ్చేస్తా.

పానిక్ అటాక్స్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, వచ్చేవాళ్లకి నాలుగు ధైర్యం మాటలు చెప్పమన్నారు నన్ను. చెప్తా. అది వచ్చినప్పుడు నిజంగానే ప్రాణం పోతున్నట్టు ఉంటుందండీ, నటన కాదు. ఒక్కసారిగా అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది, గుండె దడదడా కొట్టుకుంటుంది, చెమటలు పట్టేస్తాయి, భయంతో గబగబా ఊపిరి పీలుస్తాం, అలా పీల్చేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, అది చూసి ఇంకా హడలిపోయి ఇంకా గబగబా పీలుస్తాం. మామూలుగా ఓ 10 నిమిషాల్లో పీక్‌కి వెళ్లి, అరగంటలో చాలామటుకు దిగిపోతుంది. ఊపిరి వదిలేటప్పుడు నిదానంగా వదిలితే కాస్త తేలిక. అంతే, దాన్ని ఆపాలని కుస్తీ పట్టక్కర్లేదు.

సరే, ఇక్కడ ఎవరికైనా తోడుగా వచ్చినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. అబ్బో, సగం హాలు! అయితే నేను రాసుకొచ్చింది పక్కన పెట్టేస్తా, నాకు అసలు మాట్లాడాల్సింది మీతోనే.

నాకు మొదటిసారి లిఫ్ట్‌లో వచ్చింది. ఆ మర్నాడు మా అన్నయ్య "లిఫ్ట్ ఎందుకులేరా, మెట్లెక్కుదాం, నేనూ వస్తా" అన్నాడు. తర్వాత బస్సొద్దు, నేను దింపుతానన్నాడు. వదిన బజారు పనులన్నీ తనే చేసేది. అమ్మ అయితే నేను గడప దాటేముందు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి నీళ్ల సీసా ఉందా, మాత్రల స్ట్రిప్ ఉందా అని నాకంటే ముందు చూసేది. ఒక్కరూ చెడ్డవాళ్లు కారు, అదే కదా బాధ, తిట్టడానికి కూడా లేదు! అటాక్ అరగంటలో పోయేది, వీళ్ల ప్రేమ మాత్రం నన్ను నెలల తరబడి గదిలో కూర్చోబెట్టింది. తప్పించుకున్న ప్రతిసారీ "హమ్మయ్య, లిఫ్ట్ ఎక్కలేదు కాబట్టి బతికా" అని మనసు లెక్కేసుకుంటుంది మరి.

కౌన్సెలింగ్‌కి కూడా అన్నయ్యే తీసుకెళ్లాడు. మేడమ్ ఆయన్ని బయట కూర్చోమని, నన్ను రివాల్వింగ్ చైర్‌లో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు. తర్వాత సన్నటి స్ట్రా ఇచ్చి, ముక్కు మూసుకుని దాంతోనే ఊపిరి తీయమన్నారు. దడ, కళ్లు తిరగడం, అచ్చం అటాకే! నా కేక విని అన్నయ్య తలుపు తోసుకొచ్చి "మా చెల్లెల్ని ఏం చేస్తున్నారండీ" అని గొడవ. ఆవిడ నవ్వి "మీరూ కూర్చోండి" అని ఆయన్నీ తిప్పేశారు. దిగాక గోడ పట్టుకుని నిలబడ్డాడు, గుండె కొట్టుకుంటోంది. "మరి మీకెందుకు భయమెయ్యలేదు?" అంటే, "కుర్చీ తిప్పడం వల్లే కదా, ఇందులో భయమేముంది" అన్నాడు. అదిగో, అక్కడుంది కిటుకంతా! డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1986లో రాసిందీ ఇదే. దడ అందరికీ వస్తుంది, దాన్ని చూసి "గుండె ఆగిపోతోంది" అనుకునేవాళ్లకే అది అటాక్ అవుతుంది.

అందుకని నేననేది, రేపే లిఫ్ట్‌లోకి తోసెయ్యమని కాదు. తోస్తే ఇంకా బిగుసుకుపోతారు. ముందే ఇద్దరూ మాట్లాడుకుని, ఒక అంతస్తు కలిసి వెళ్లండి, తర్వాత మీరు పైన నిలబడండి, ఆ తర్వాత అసలు రాకండి.

ఎప్పుడూ ఏదో ఒక దాని గురించి గుబులు పడేవాళ్ల సంగతి ఇంకోరకం, ఆరు నెలలకి పైగా దాదాపు రోజూ అలాగే ఉంటే డాక్టర్లు జనరలైజ్డ్ యాంగ్జైటీ అంటారు. "ఏం కాదు కదా?" అని పూటకి పదిసార్లు అడుగుతారు, మనం పదిసార్లూ "ఏం కాదు" అంటాం. ఐదు నిమిషాలు ఊరట, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి అడిగితే "ఇందాక చెప్పా కదా, మళ్లీ చెప్పను, రా అలా నడిచొద్దాం" అనండి. కోపంగా కాదు, మామూలుగా.

టైమైపోయిందని నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు, రెండే రెండు ముక్కలు. మొదటిసారి ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే పానిక్కేలే అని మీకు మీరే తీర్మానించకండి, ఈసీజీ తీయించండి, థైరాయిడ్ కూడా చూపించండి. పేపర్ కవర్లో ఊపిరి పీల్చడం లాంటివి వద్దు, ఆస్తమానో గుండె జబ్బో ఉంటే ప్రమాదం. డాక్టర్ రాసిన మందుల్లో కొన్ని పని చెయ్యడానికి వారాలు పడుతుంది, మొదట్లో గాభరా కాస్త పెరగొచ్చు కూడా. వెంటనే శాంతపరిచే ఆల్ప్రాజోలాం లాంటివి అలవాటైపోతాయి, అలాగని రోజూ వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. మీ స్ట్రిప్‌లోంచి ఒకటి తుంచి పక్కింటావిడకి ఇచ్చే పుణ్యం అస్సలు వద్దు!

ఇక ప్రశ్నలడగండి. మైకు ముందు ఆ వెనక వరసకి ఇవ్వండి బాబూ, ఆ పాప అడుగుతుందట. అమ్మా, మీరు కాదు, పాపనే అడగనివ్వండి.