స్పీకర్‌ది ఎంత, గదిది ఎంత?

నిర్వాహకురాలు: నమస్కారం. ఒక గదిలో హాయిగా పలికిన స్పీకర్లే మరో గదిలో మొరటుగా వినిపించడం చాలామందికి అనుభవమే. దీనిపై జరిగిన పరిశోధనలను చర్చించేందుకు ధ్వనిశాస్త్ర అధ్యాపకులు ఒకరు, రికార్డింగ్ ఇంజనీర్ ఒకరు మనతో ఉన్నారు. ప్రొఫెసర్ గారూ, గదిని కొలవడం ఎప్పుడు మొదలైంది?

అధ్యాపకుడు: 1895లో అండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోవడంతో, కారణం కనుక్కోమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన పక్క థియేటర్‌లోని కుర్చీ మెత్తలను రాత్రిపూట మోయించి తెచ్చి, అవి పెరిగేకొద్దీ ఆర్గన్ గొట్టం నాదం ఎంత త్వరగా అణగిపోతుందో కొలిచారు. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయాన్ని మనం ప్రతినాద కాలం అంటున్నాం. దాని లెక్కకు పునాది ఆ రాత్రులే. అయితే అది పెద్ద మందిరాల కొలమానం. చిన్న గదిలో పాట ఎలా వినిపిస్తుందో ఆ ఒక్క అంకెతో తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

నిర్వాహకురాలు: చిన్న గదిలో తేడా ఏమిటి?

అధ్యాపకుడు: మంద్ర ధ్వనుల తరంగదైర్ఘ్యం గది కొలతలకు దీటుగా ఉండటం. 5 మీటర్ల పొడవున్న గదిలో సుమారు 34 హెర్ట్జ్ దగ్గర ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగం ఏర్పడుతుంది. గది నడిమధ్య కూర్చున్నవారికి ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. కుర్చీని వెనక గోడ వైపు జరుపుతూ పోతే తిరిగి పుంజుకుంటుంది. గది ఆధిపత్యం ఏ పౌనఃపున్యం దాకా ఉంటుందో అంచనా వేసే సూత్రాన్ని భౌతికశాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చారు. 60 ఘనపు మీటర్ల పరిమాణం, 0.4 సెకన్ల ప్రతినాద కాలం ఉన్న గదికి అది సుమారు 160 హెర్ట్జ్. అక్కడ గీత గీసినట్టు మారదు గానీ, అంతకు పైకి వెళ్లేకొద్దీ స్పీకర్ స్వభావమే ముందుకొస్తుంది.

ఇంజనీర్: జనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. గోడలన్నిటికీ పలుచని ఫోమ్ అంటిస్తారు. 100 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే 86 సెంటీమీటర్లు; అంగుళం మందం ఫోమ్ దాన్ని ఏం చేయగలదు? తార ధ్వనులను మాత్రం మింగేస్తుంది. చివరికి మిగిలేది బేస్ గుమగుమ, జీవం లేని గొంతు.

నిర్వాహకురాలు: అంటే గోడల పరావర్తనాలు మంచివేనా?

అధ్యాపకుడు: అన్నీ కావు, కానీ అన్నీ శత్రువులూ కావు. సుమారు 5 నుంచి 30 మిల్లీసెకన్ల ఆలస్యంతో వచ్చే పరావర్తనం, అసలు మాట కంటే 10 డెసిబెల్స్ దాకా బిగ్గరగా ఉన్నా, వేరే ప్రతిధ్వనిగా వినిపించదని హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనా గ్రంథంలో చూపారు. పక్క గోడల పరావర్తనాలు సంగీతానికి వెడల్పునిస్తాయని, చాలామంది శ్రోతలు దాన్ని ఇష్టపడతారని ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ వాదన.

ఇంజనీర్: శ్రోతల విషయంలో ఒప్పుకుంటాను. మిక్సింగ్‌కు, అంటే రికార్డు చేసిన ధ్వనులను కలిపి పాటగా కూర్చడానికి, కూర్చున్నప్పుడు మాత్రం నాకు ఆ వెడల్పు వద్దు, ఎందుకంటే అది రికార్డింగ్‌లో ఉన్నదో, నా గది కలిపినదో తేల్చుకోలేను.

నిర్వాహకురాలు: ఇష్టాన్ని కొలవగలమా?

అధ్యాపకుడు: తెర వెనక స్పీకర్లు పెట్టి వినిపిస్తే కొలవగలం. 1994లో టూల్, ఆయన సహపరిశోధకుడు షాన్ ఆలివ్ శ్రోతలతో అవే స్పీకర్లను చూపించీ, చూపించకుండానూ మార్కులు వేయించినప్పుడు ఫలితాలు మారిపోయాయి. కళ్ల ముందు ఉన్నప్పుడు పేరు, ఆకారం మార్కులను లాగాయి. స్పీకర్‌ను గదిలో మరో చోటికి మార్చినా తీర్పు పెద్దగా కదలలేదు. తెర వెనక మాత్రం ఆ స్థానమార్పు స్పష్టంగా పట్టుబడింది. తర్వాత 2004లో ఆలివ్ 70 స్పీకర్లపై, ప్రతిధ్వనిరహిత గదిలో తీసుకున్న కొలతల నుంచే శ్రోతల ఇష్టాన్ని 0.86 సహసంబంధంతో (1 అంటే పూర్తి పొంతన) అంచనా వేశారు.

నిర్వాహకురాలు: చివరిగా, ఒక్కో స్థాయి స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌తో గదిని సరిదిద్దవచ్చా?

ఇంజనీర్: మంద్రంలో పొంగిన చోట తగ్గించవచ్చు, బాగా పనిచేస్తుంది. గుంటను, అంటే స్వరం మాయమయ్యే చోటును, పూడ్చబోతే మాత్రం ఆంప్లిఫయర్ శక్తి వృథా. అక్కడ ఎంత పంపితే అంతా రద్దవుతుంది. దానికి కుర్చీనో స్పీకర్‌నో జరపాలి, లేదా మంద్ర ధ్వనులకే ప్రత్యేకమైన స్పీకర్ అయిన సబ్‌వూఫర్‌ను రెండోది సరైన చోట పెట్టాలి. మొదట కుర్చీ జరపమంటాను, దానికి ఖర్చు లేదు.