నీటి జాడ తెలిసిన నేరేడు

శ్రోతలకు నమస్కారం.

నేరేడు పండు తిని తినలేదని బుకాయించడం కష్టం. నాలుక చాపితే చాలు, ఊదారంగు గుట్టు బయటపెట్టేస్తుంది. వగరు తగ్గాలని పండ్లను గిన్నెలో వేసి, ఉప్పు జల్లి, మూత పెట్టి నాలుగుసార్లు కుదుపుతాం కదా, అప్పుడు తొక్క చిట్లి అడుగున కాస్త రసం ఊరుతుంది. నన్నడిగితే పండు కంటే ఆ రసమే రుచి!

సరే, పండు సంగతి అందరికీ తెలిసిందే. ఈ చెట్టుకీ నీటికీ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలం జాడ కనిపెట్టడానికే ఒక అధ్యాయం రాశాడు. నేరేడు చెట్టుకి ఉత్తరాన మూడు మూరల దూరంలో తవ్వితే, రెండు నిలువుల లోతున జల పడుతుందంటాడు. తవ్వుతుంటే ఇనుము వాసన వేసే మట్టి తగులుతుందట, ఒక నిలువు లోతులో కప్ప కూడా కనిపిస్తుందట. కప్ప మాట అటుంచండి. వాగుల గట్ల మీద, చెమ్మ నేలల్లో నేరేడు ఏపుగా పెరగడం మాత్రం మనం చూస్తున్నదే.

తిరుచ్చి దగ్గర తిరువానైక్కావల్‌లో శివుడు జలలింగం. అక్కడి స్థలవృక్షం తెల్లనేరేడు. స్వామి పేరు జంబుకేశ్వరుడు. జంబువంటే నేరేడే మరి.

నీళ్లు పడ్డాక కూడా చెట్టుతో పని ఉండేది. బావి అడుగున నేరేడు చెక్కతో చేసిన చట్రం దించి, దాని మీద ఒర కట్టేవారు. ఏళ్ల తరబడి నీళ్లలో నానినా ఆ చెక్క అంత తొందరగా కుళ్లదు. చిత్రమేమిటంటే, అదే చెట్టు కొమ్మ మహా పెళుసు. ఏడాది పొడవునా పచ్చగా ఉండి రా రమ్మంటుంది. పండ్ల కోసం కొసకి జరిగామా, కొమ్మతో సహా కిందికే! తెలిసినవాళ్లు కింద దుప్పటి పట్టుకుని, గడకర్రతో కొమ్మ ఊపుతారు.

బెరడు కషాయం విరేచనాలకూ, నోరు పుక్కిలించడానికీ పాతకాలం నుంచీ వాడుకలో ఉంది. గింజల పొడి షుగర్‌కి మంచిదని చాలామంది తింటారు. తినండి, కానీ డాక్టరుకి చెప్పి తినండి. పొడి మొదలుపెట్టాం కదా అని మాత్రలు మానేస్తే మాత్రం ప్రమాదం.

మొక్క కావాలంటే గింజని దాచిపెట్టకండి. రెండు వారాలు ఎండిందంటే మొలవడం కష్టం. తిన్న రోజే తడి మట్టిలో గుచ్చేయండి. ఒక్క గింజకే రెండు మూడు మొలకలు వస్తే కంగారు పడకండి, నేరేడుకి అది మామూలే. బలంగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి తీసేయండి.