పిల్లలకు వచన కవిత, ఎక్కువగా యతి గొడవ

సుజాత: నమస్కారం. నల్లగొండ నుంచి నేను, పాలమూరు నుంచి యాదన్న. ఈ వారం పిల్లలకు వచన కవిత ఎలా చెప్పాలో మాట్లాడుకుందాం. అన్నా, వెనక కుక్కరు కూత లేదు కదా?

యాదయ్య: లేదమ్మా. పొయ్యి కూడా ఆర్పించాను.

సుజాత: సంతోషం. వచన కవిత అనగానే పిల్లలు...

యాదయ్య: దానికంటే ముందు యతి సంగతి తేలాలి.

సుజాత: మొదలైంది.

యాదయ్య: వినమ్మా. మొన్న ఎనిమిదో తరగతిలో ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ చెప్పాను. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, అంటే ధ్వనిలో పోలిక, ఉండాలి, అదే యతి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. ‘సార్, ఇక్కడ ఉ, అక్కడ నొ. వీటికి మైత్రి ఎక్కడిది?’

సుజాత: బాగా అడిగింది!

యాదయ్య: ఆ నకారం వెనకటి మాటది, దాన్ని పక్కన పెడితే మిగిలేది ఒ, ఉకారానికి చుట్టమే అన్నాను. కూర్చుంది. రెండో పాదానికి మళ్లీ లేచింది. ‘చూడ చూడ రుచుల జాడ వేరు.’ చూకు, జాకు అచ్చులు కలవవు కదా అని.

సుజాత: ప్రాసయతి. చూడ, జాడ. రెండో అక్షరాలు కలిశాయి.

యాదయ్య: అదే చెప్పాను. గంట కొట్టేశారు.

సుజాత: కొట్టరా మరి? ముందు చెవికి పట్టాలి అన్నా, పేర్లు తర్వాత. నేను పోతన ‘వెడవెడ సిడిముడి తడబడ’ చదివి డకారాలు లెక్కపెట్టమన్నాను. పన్నెండు అక్షరాల్లో ఆరు! ఒక పిల్లవాడు లేచి, అక్షరం విడిచి అక్షరానికి కాలు నేలకు తాటిస్తూ నడిచాడు. విష్ణువు వెనక లక్ష్మీదేవి తడబాటు మొత్తం వాడి చెప్పుల్లో వినిపించింది. వృత్త్యనుప్రాస అన్న మాట ఆ తర్వాతే పలకమీద రాశాను.

యాదయ్య: తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు చెప్పాలి ఇది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచికలో...

సుజాత: తెలుసు, 354 మంది కవులు. టీ పెట్టుకోండి.

యాదయ్య: పొయ్యి ఆర్పేశానుగా.

సుజాత: సరే, వచన కవిత. కవి కుందుర్తి ఆంజనేయులు గారు దాన్ని ఉద్యమంగా నడిపారు. ఛందస్సు లేదంటే చెవి కూడా అక్కర్లేదని కాదు. ఇంకేముంది చెప్పడానికి?

యాదయ్య: ఒకటుంది. పోయినేడు ఒక పిల్లవాడు రాసిచ్చాడు. ‘మూడో బోరు వేశారు / రాత్రంతా నాన్న నిలబడ్డాడు / దుమ్ము’. అంతే. నేను ప్రాస కుదర్చమన్నాను. మర్నాడు బోరు, నీరు, పోరు అని తెచ్చాడు.

సుజాత: అయ్యో అన్నా.

యాదయ్య: పది మార్కులు వేశాను.

సుజాత: చివరి పాదానికి ఒక్క మాట, దుమ్ము! ఆ ‘మ్మ’ దగ్గర పెదవులు మూసుకుపోతాయి. నాన్న నోరు కూడా అలాగే మూసుకుపోయి ఉంటుంది. దాని మీద నీరు, పోరు పెట్టించారా?

యాదయ్య: ...ఆ వెనక బెంచీ పిల్ల అన్నయ్యే వాడు.

సుజాత: మొదటి కాగితం ఉందా?

యాదయ్య: ఉంది. ఎర్ర సిరాతో కొట్టేశాను, కింద అక్షరాలు కనిపిస్తాయో లేదో. ఆ 354 మందిలో కూడా ఎవరో ఒకరు...

సుజాత: అన్నా, కాగితం.

యాదయ్య: ఉండమ్మా, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో...