మే నెలలో మరబోటు ఏదీ?

(తెర మీద: తెల్లారకముందు వైజాగ్ ఫిషింగ్ హార్బర్ జెట్టీ. ఆ తర్వాత ఆర్‌స్టూడియో.)

హార్బర్‌లో చేపల వేలం ఎప్పుడైనా చూశారా? పడవ ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ పుస్తకంలో ఒక వరస రాశారనుకోండి. అదే ఇవాళ్టి మన డేటా. దీన్ని ఆర్‌లో, అంటే డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాషలో, లెక్కపెడదాం. మొత్తం 63 వరసలు, రెండే కాలమ్స్. పడవ: మరబోటు, ఫైబర్ బోటు, తెప్ప. నెల: మార్చి, మే, జూలై. అంకెలు నేను కల్పించినవే, నిజం లెక్కలు కావు.

ఏ పడవ ఏ నెలలో ఎన్నిసార్లొచ్చింది? ఎవరికైనా ముందు తట్టేది పేస్ట్, అంటే ఆర్‌లో మాటల్ని అతికించే ఫంక్షన్. రెండు కాలమ్స్‌నీ అతికించి, "తెప్ప_మే" లాంటి పేర్లు తయారు చేసి, ఏది ఎన్నిసార్లుందో లెక్కపెట్టే టేబుల్ ఫంక్షన్‌కి ఇచ్చేస్తాం.

(తెర మీద: ఏడు గ్రూపులు.)

ఆగండాగండి. మూడు మూళ్లు తొమ్మిది కదా! రెండెక్కడికి పోయాయి?

మే నెల మరబోటు లేదు, మే నెల ఫైబర్ బోటూ లేదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజినున్న పడవ కదలకూడదు. ఇంజిను లేని తెప్పలకి మినహాయింపు. అంటే పుస్తకంలో ఆ వరసలే లేవు. లేనిదాన్ని పేస్ట్ మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి అతికిస్తుంది, పాపం?

ఆర్‌లోనే ఇంటరాక్షన్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది, అది అలా కాదు. వరసల్ని వదిలేసి ఫ్యాక్టర్ల లెవెల్స్ చూస్తుంది, అన్నిటినీ జత కడుతుంది. ఫ్యాక్టర్ అంటే ఏయే విలువలు రావచ్చో జాబితా ఉన్న కాలమ్, ఆ జాబితాలోవే లెవెల్స్. తొమ్మిదీ వస్తాయి, రెండు సున్నాలతో సహా. అసలు అతికించకుండా రెండు కాలమ్స్‌నీ నేరుగా టేబుల్‌కి ఇచ్చినా అంతే. నేనైతే అదే చేస్తాను. డీప్లైర్ అనే ఆర్ ప్యాకేజీ వాడేవాళ్లూ, మీ కౌంట్ కూడా ఏడే చూపిస్తుంది. కాలమ్స్‌ని ఫ్యాక్టర్లు చేసి, ఖాళీ గ్రూపుల్ని పారెయ్యకుండా కౌంట్‌లో డాట్ డ్రాప్ అనే ఆప్షన్‌కి ఫాల్స్ పెట్టండి. 2020లో వచ్చిన ఆర్ 4.0 నుంచి సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన డేటా ఫైలు, చదివితే ఫ్యాక్టర్లు వాటంతటవే అవ్వవు, మీరే చెయ్యాలి. చేసేటప్పుడే లెవెల్స్ వరస కూడా చెప్పెయ్యండి. లేదంటే అక్షర క్రమంలో జూలై వచ్చి మార్చి ముందు కూర్చుంటుంది.

సరే, గ్రూపుకి సగటున ఎన్ని? 63ని ఏడుతో భాగిస్తే 9. తొమ్మిదితో భాగిస్తే 7. ఏది రైటో ఆర్‌కి తెలీదు. మేలో మరబోటు వేటకెళ్లి వట్టి చేతులతో రాలేదు, జెట్టీకి కట్టేసి ఉంది. అందుకే నేను ఆ రెండు గడుల పక్కన "నిషేధం" అని రాసి, ఏడుతోనే భాగిస్తాను. అదే జూలైలో మరబోటుకి సున్నా వచ్చిందనుకోండి, ఆ సున్నాని లెక్కలో ఉంచి తీరాలి.